గడి నంబరు 417

గడి నంబరు 417 కింద చుక్క నీరు లేదని మార్చి పదమూడో తేదీ ఉదయం పదిన్నరకు కంప్యూటర్ తెర మీద తేలింది. సరిగ్గా ఆ సమయానికి ఆ గడిలో ఓబులమ్మ అనే రైతు బోరు రెండంగుళాల నీళ్ళు పోస్తోంది.

రెండూ నిజం కావడానికి వీల్లేదు. ఒకటి అబద్ధమై తీరాలి. ఏది అబద్ధమో తేల్చుకోవడానికి జిల్లా పాతాళ జల గణన కేంద్రానికి పావుగంట కూడా పట్టలేదు.

నేల గట్టి దిమ్మ కాదు. ఇసుక రేణువుల సందుల్లో, రాతి పగుళ్ళలో నీళ్ళు చీమల్లా పాకుతూ ఉంటాయి. ఎటు పాకుతున్నాయో, ఎంత పాకుతున్నాయో దిగి చూసినవాడు లేడు. అందుకని కేంద్రం వాళ్ళు 'పాతాళ దర్శిని' అనే కంప్యూటర్ లెక్కను తెచ్చారు. అది ఉప్పరవంక మండలాన్ని అడ్డంగా ముప్పై, నిలువుగా ముప్పై, మొత్తం తొమ్మిది వందల గడులుగా కోసింది. ఒక్కో గడి అర కిలోమీటరు పొడవు, అంతే వెడల్పు. ప్రతి గడికీ ఒక నీటిమట్టం ఊహిస్తుంది. చుట్టూ ఉన్న నాలుగు గడులతో పోల్చి కొంచెం దిద్దుతుంది. ఆ నాలుగింటినీ వాటి పక్కవాటితో పోల్చి దిద్దుతుంది. అలా వేలసార్లు తిరిగి తిరిగి, ఇక దిద్దడానికి వెంట్రుకవాసి కూడా మిగలనప్పుడు 'కుదిరింది' అని ఆగుతుంది.

ఈ పద్ధతి ఆఫీసులో అందరికీ వెంటనే అర్థమైంది. ఒక కాగితం నాలుగు బల్లలూ తిరిగి, ఎవరూ ఇంకేమీ దిద్దకపోతే అది నిజమైపోవడం వాళ్ళకు ముప్పై ఏళ్ళుగా తెలిసిన విషయమే.

దానికి తోడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. 'నీటి లభ్యత విషయమున పాతాళ దర్శిని సూచించినదే వాస్తవము. క్షేత్రమున తద్విరుద్ధముగా అగుపించునది తాత్కాలిక దృశ్యముగా పరిగణింపవలెను.'

పదో తేదీన పెద్దలొచ్చి రిబ్బను కత్తిరించారు. పదమూడున డిప్యూటీ డైరెక్టర్ చిదంబరరావు గారు మొదటిసారి తీరిగ్గా తెరముందు కూర్చుని పటం చూశారు. మండలమంతా నీలంగా నిగనిగలాడుతోంది. తూర్పున ఒక్క గడి మాత్రం పుచ్చిపోయిన పన్నులా నల్లగా ఉంది.

"ఫణిభూషణ్ గారూ, ఆ నలుపు ఏమిటి?"

లెక్క నడిపే అసిస్టెంట్ ఫణిభూషణ్ తెర దగ్గరికి వచ్చాడు. "నిష్క్రియ గడి సార్. అంటే... ఎండిపోయిన గడి. ఒకసారి ఎండిందని తేలితే లెక్క దాన్ని పక్కన పెట్టేస్తుంది. మళ్ళీ అటు చూడదు."

"తరవాత నీళ్ళొస్తే?"

"చూడదు సార్."

"భేష్," అన్నారు చిదంబరరావు. "ఒక నిర్ణయం తీసుకుంటే దానికే కట్టుబడే యంత్రాన్ని ఇన్నాళ్ళకు చూశాను."

అప్పుడే సూపరింటెండెంటు కరెంటు వాళ్ళ జాబితా పట్టుకొచ్చాడు. 417లో ఒక మోటారు రోజుకు ఏడు గంటలు తిరుగుతోంది.

"ఎండిన గడిలో మోటారు ఏం తోడుతోంది?" అన్నారు చిదంబరరావు, ఒక్కో మాటా వత్తి పలుకుతూ. "నీళ్ళే అనుకుందాం. ఆ గడిలో నీళ్ళు లేవు కనుక అవి ఆ గడివి కావు. ఆ గడివి కాకపోతే పక్క గడివి. పక్కవాళ్ళ సొత్తు వాళ్ళకు తెలియకుండా తీసుకోవడాన్ని ఏమంటారు?"

ఆయన జాబితా మడిచి జేబులో పెట్టుకున్నారు.

"జీపు తీయమనండి."

417లో యాభై ఎకరాలు రాతిగుట్ట. గుట్ట పక్కన బీడు. ఆ బీడుకు ఆనుకుని ఐదెకరాల చీనీతోట, అంటే బత్తాయి. నాలుగువందల ఎనభై చెట్లు, ఏడో ఏడు నడుస్తోంది, పిందె గోలీకాయంత అయింది. యాభై దాటిన ఓబులమ్మ మోటారు కొట్టం దగ్గర కాలవ సరిచేస్తూ పార పక్కన పెట్టింది.

"రాండి సార్, రాండి. ఎండన బడి వచ్చినారు. నీళ్ళు తాగుతారా?"

"అవి నీళ్ళని ఇంకా నిర్ధారణ కాలేదమ్మా," అన్నారు చిదంబరరావు.

ఓబులమ్మ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. "తాగి సూడండి మల్ల. తెలుస్తాది."

ఆయన రెండు చెంబులు తాగారు. మూతి తుడుచుకుని, డైరీ తీసి రాశారు: 'క్షేత్రమున నీటిని పోలిన ద్రవము ధారగా వెలువడుచున్నది. రుచి మధురము. దాహము శమించినది. అయినను ఇది తాత్కాలిక దృశ్యమే.'

"అమ్మా, నువ్వు నిలబడింది 417వ గడి. దీని కింద నీళ్ళు లేవు."

"గడి యాడిది సార్? దీన్ని పుట్టకొండ చేను అంటారు. మా మామ కాలం నుంచీ ఇదే పేరు."

"ఇప్పుడు 417. నీళ్ళు లేవు."

"లేకుంటే ఇవేంది సార్? నేనేమన్నా బిందెతో మోసుకొచ్చి గొట్టంలో పోస్తాండానా?"

"ఆ కోణం కూడా పరిశీలనలో ఉంది."

ఓబులమ్మ ఫణిభూషణ్ వైపు తిరిగింది. "ఏమప్పా, పోయిన నెల నువ్వొచ్చి మా కొట్టం గోడ ఫోటో పట్టుకోని పోయినావు గదా. నువ్వన్నా చెప్పు ఈ సారుకు."

ఫణిభూషణ్‌కు ఉన్నట్టుండి విపరీతమైన దాహం వేసింది. చెంబు ఎత్తి, అది ఖాళీ అయ్యేదాకా దించలేదు. చిదంబరరావు గారు గోడ వైపు ఒకసారి చూశారు. బొగ్గుతో గీసిన గీతలు, పక్కన అంకెలు, వరసగా కిందిదాకా ఉన్నాయి. పాల లెక్క కాబోలనుకుని మొహం తిప్పుకున్నారు.

నోటీసు అక్కడికక్కడే ఇచ్చారు. బోరులో వస్తున్న నీరు తన గడిదేనని పదిహేను రోజుల్లో నిరూపించుకోవాలి. లేదంటే మోటారుకు కరెంటు ఆపేస్తారు.

ఓబులమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "సార్, ఈ ఎండలకు వారం నీళ్ళు లేకుంటే పిందె రాలిపోతాది. ఇరవై దినాలైతే చెట్టే పోతాది. ఏడేండ్లు సాకినా సార్, బిడ్డల్ని సాకినట్ల."

"మేము చెట్లకు వ్యతిరేకం కాదమ్మా. నీళ్ళు నీవేనని పత్రం తీసుకురా."

"నీళ్ళకు పత్రం ఎవురిస్తారు సార్?"

"మా ఆఫీసే ఇస్తుంది. నీళ్ళున్న గడులకు."

మర్నాడు చిదంబరరావు గారు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి సి.ఐ. మస్తాన్ వలి ముందు ఫిర్యాదు పెట్టారు. వలికి ఇరవై ఆరేళ్ళ సర్వీసు. గొర్రెల దొంగల్నీ, రాగితీగ దొంగల్నీ పట్టినవాడు. ఫిర్యాదు రెండుసార్లు చదివి, టీ చెప్పాడు.

"పోయిన సొత్తు నీళ్ళు. బాగుంది. ఎవరివి?"

"416, 418, 387, 447 గడులవి."

"వాళ్ళొచ్చి ఫిర్యాదు ఇవ్వలేదే?"

"గడులు రావండీ. వాటికి మా కేంద్రమే సంరక్షకుడు."

"ఆ గడుల్లో ఉండే మనుషుల్ని అడిగితే?"

"వాళ్ళు ఏమీ పోలేదనే అంటారు. సొత్తు పోయిన సంగతి యజమానికే తెలియకపోవడంలోనే ఉంది ఈ నేరం తీవ్రత."

వలి టీ తాగాడు. "ఏ చట్టం కింద రాయమంటారు?"

"డార్సీ నియమం. నీరు ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడికి ప్రవహించును. నూట డెబ్బై ఏళ్ళుగా అమల్లో ఉంది."

"అంటే నీళ్ళే నడిచి ఆమె దగ్గరికి వెళ్ళాయంటారు. మా భాషలో దాన్ని దొంగతనం అనరు సార్, లేచిపోవడం అంటారు. మేజరయితే మేమేం చెయ్యలేం." నవ్వకుండా కాగితం సొరుగులో పెట్టాడు. "విచారిస్తాను."

కేంద్రం వలి విచారణ కోసం ఆగలేదు. నాలుగో రోజుకల్లా 417 చుట్టూ సున్నంతో గీత గీయించారు. రెండు కిలోమీటర్ల గీత, గుట్ట మీదుగా ఎక్కి దిగింది. నాలుగు మూలలా బోర్డులు పాతారు: 'నిష్క్రియ ప్రాంతము. ఈ గీత దాటి భూగర్భ జలము ప్రవహించుట నిషేధము.' ఎనిమిదో రోజు అకాల వాన పడింది. అన్ని గడుల్లోనూ వాన ఇంకిందని రాసి, 417లో పడిన వానను 418 ఖాతాలో రాశారు. ఎండిన గడిలో వాన ఇంకడానికి లెక్కలో చోటు లేదు.

ఇక ఎండిన ప్రాంతమని తేలాక ఊరుకోవడానికి కేంద్రం రాతి గుండెది కాదు. కరువు సాయం కింద ఓబులమ్మ తోటకు రోజూ ఒక ట్యాంకరు నీళ్ళు మంజూరు చేశారు. ట్యాంకరు డ్రైవరు ఉదయం బయలుదేరి, 'సమృద్ధి' అని నీలంరంగు పూసిన గడులన్నీ తిరిగాడు. 416లో బోరు గాలి ఊదింది. 387లో బురద. 418లో, అంటే ఉప్పరవంక ఊళ్ళో, చేతిపంపు దగ్గర నలభై బిందెలు వరసలో నిలబడి ఉన్నాయి, పంపు మాత్రం దగ్గుతోంది. ఆ ఊరివాళ్ళు ట్యాంకరు కోసం పెట్టుకున్న అర్జీకి కేంద్రం జవాబు వాళ్ళ చేతిలోనే ఉంది: 'మీ క్రింద నలభై అడుగుల లోతున పుష్కలముగా జలము కలదు. నిర్భయముగా త్రాగవచ్చును.'

చివరికి డ్రైవరు సున్నపు గీత దాటి ఓబులమ్మ బోరు దగ్గరే ట్యాంకరు నింపుకున్నాడు. గీత బయటికి వెళ్ళి, చక్రం తిప్పి, మళ్ళీ లోపలికి వచ్చి, ఓబులమ్మ తొట్టిలో పోశాడు.

"ఏం నాయనా ఇది?" అంది ఓబులమ్మ.

"గవర్మెంటు నీళ్ళు పెద్దమ్మా. ఈడ వేలిముద్ర వెయ్యి."

రెండో రోజు నుంచి ఆమె అతనికి శ్రమ తగ్గించింది. ట్యాంకరు నింపి, అటునుంచి అటే చేతిపంపు దగ్గరికి పంపి, వేలిముద్ర మాత్రం తోటకు వేసింది.

పదిహేనో రోజు వచ్చింది. పత్రం రాలేదు. లైన్‌మన్ కుళ్ళాయప్ప స్తంభం కింద నిలబడి చాలాసేపు తలగోక్కున్నాడు.

"వదినా, నన్ను తిట్టుకోవద్దు. ఆర్డరు."

"నిన్నెందుకు తిడతా? నువ్వు పొద్దున తాగిన చెంబెడు నీళ్ళు యాడివో ఆ సారుకు చెప్పు, చాలు."

కుళ్ళాయప్ప ఫీజు పీకి జేబులో వేసుకున్నాడు. మోటారు ఆగింది. ట్యాంకరుకు కూడా నీళ్ళు అందలేదు. డ్రైవరు 'నింపుకొను చోట నీరు లేదు' అని రాసి కేంద్రానికి పంపాడు.

ఆ కాగితం చూసి చిదంబరరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "చూశారా! 417 ఎండిపోయిందని ట్యాంకరే ధ్రువీకరించింది. పాతాళ దర్శిని పదిహేను రోజుల ముందే చెప్పింది!" అదే ఊపులో పైకి ఒక నివేదిక రాశారు. 'క్షేత్రము లెక్కతో సంపూర్ణముగా ఏకీభవించినది. ఈ విధానమును రాష్ట్రమంతటా అమలు జరుపవచ్చును.' ఫణిభూషణ్‌కు ప్రశంసాపత్రం సిఫారసు చేశారు. ఫణిభూషణ్ ఆ పూట అన్నం తినలేదు.

ఆ వారం రోజులూ మస్తాన్ వలి చేసింది ఒక్కటే. కేంద్రం నుంచి పరిశీలన బావుల రిజిస్టరు తెప్పించుకుని చదివాడు. మండలంలో ముప్పై ఆరు పరిశీలన బావులున్నాయి. నెలనెలా వాటిలో నీటిమట్టం కొలిచి రాస్తేనే లెక్కకు పునాది. వలి ఆ పునాదిని, పాత నేరస్థుడి వాంగ్మూలం చదివినట్టు, వేలు పెట్టి చదివాడు. ఏడో రోజు ఉదయం చిదంబరరావునూ, ఫణిభూషణ్‌నూ, కుళ్ళాయప్పనూ వెంటబెట్టుకుని తోటకు వచ్చాడు.

చెట్ల కింద పిందెలు పరుచుకుని ఉన్నాయి. ఓబులమ్మ వాటిని చేటలోకి ఏరుతోంది. ఎందుకు ఏరుతోందో ఆమెకే తెలిసినట్టు లేదు.

"పంచనామా చెయ్యాలి," అన్నాడు వలి. "పోయిన సొత్తు ఏది?"

"నీళ్ళు," అన్నారు చిదంబరరావు.

"చూపించండి."

"అవి... కింద ఉన్నాయి."

"కింద ఉంటే నేనెలా రాసుకోవాలి సార్? సొత్తు సాక్షుల కళ్ళ ముందుకు రావాలి. కుళ్ళాయప్పా, ఫీజు పెట్టు. సొత్తు బయటికి రానీ."

"అది మా ఉత్తర్వుకు విరుద్ధం!"

"కేసు తేలేదాకా సొత్తు పోలీసు రక్షణలో ఉంటుంది. పాడవకుండా చూసే బాధ్యత నాది. నీళ్ళు పాడవకుండా ఉండాలంటే పారుతూ ఉండాలి. అంతవరకు ఆ చెట్ల కింద భద్రపరుస్తాం. పెట్టు కుళ్ళాయప్పా."

కుళ్ళాయప్ప ఆ వారమంతా ఫీజు జేబులోనే పెట్టుకు తిరిగాడు. వలి చెప్పి ముగించేలోపు పెట్టేశాడు. గొట్టం ఒకసారి ఉమ్మి, రెండుసార్లు దగ్గి, రెండంగుళాల ధార విసిరింది. ఓబులమ్మ చేట వదిలేసి పార అందుకుని కాలవకు అడ్డం తీసింది.

వలి ధార కింద మొహం కడుక్కున్నాడు. తల ఎత్తేసరికి గోడ మీది బొగ్గు గీతలు కనిపించాయి.

"ఇదేం లెక్కమ్మా?"

"వీళ్ళ ఆఫీసు లెక్కే సార్," అంది ఓబులమ్మ పార ఆపకుండా. "నాలుగేండ్ల కిందట ఒకాయన వచ్చినాడు. ఆడుండే పాత బోరులో నీళ్ళు కొలవాల, నాకు మాటిమాటికి రాను కాదు, నువ్వు తాడు దించి రాసిపెట్టక్కా అన్నాడు. మూరకొక ముడి యేసినా. శుక్రవారం శుక్రవారం దించుతా. ఆయన మల్లీ రాలా. రాయొద్దని కూడా చెప్పలా. అందుకే రాస్తానే ఉండా."

వలి రిజిస్టరు తెరిచి తొట్టి గట్టు మీద పెట్టాడు.

"చిదంబరరావు గారూ, మీ ముప్పై ఆరు బావుల్లో ముప్పై ఐదు ప్రతి నెలా సరిగ్గా పదిహేను సెంటీమీటర్లు దిగుతాయి. వాన పడిన నెల సరిగ్గా పదిహేను ఎక్కుతాయి. నీళ్ళకు ఇంత క్రమశిక్షణ మా ట్రైనింగ్ కాలేజీలో కూడా చూడలేదు. పోయిన ఆగస్టులో ముప్పై ఐదింటినీ ఒకే రోజు కొలిచారు. ఆ రోజు బంద్. నా జీపే స్టేషన్ గేటు దాటలేదు."

"అది శాస్త్రీయ సవరణ..."

"వినండి. ముప్పై ఆరోది ఒక్కటే వారం వారం రాసి ఉంది, అది మాత్రం తాగినవాడి నడకలా ఉంది. ఒక వారం ఎక్కుతుంది, ఒక వారం దిగుతుంది, ఒకసారి ఉన్నచోటే ఉంటుంది. అది ఈ గోడతో గీతకు గీత సరిపోతోంది. ముప్పై ఐదుమంది సాక్షులు అక్షరం తేడా లేకుండా ఒకే మాట చెప్పి, ఒక్కరు తడబడుతూ చెబితే, నేను నమ్మేది ఆ తడబడినవాణ్ణే. మరి ఆ ఒక్కర్నే పటంలో నల్లగా ఎవరు పూశారు?"

"కంప్యూటర్!" అన్నారు చిదంబరరావు. "కంప్యూటర్ నిర్ణయమును ప్రశ్నించుటకు..."

"కంప్యూటర్ కాదు సార్," అన్నాడు ఫణిభూషణ్.

అతని చూపు చేటలో ఉన్న పిందెల మీద ఉంది. వలి కలం మూత తీశాడు.

"రాసుకోండి సార్. ఆ ముప్పై ఐదు బావులూ నేను రాసినవే. నాకు ముందున్నాయన అలాగే రాశారు, ఆయనకు ముందాయన కూడా అంతే. కొలవడానికి బండి లేదు, మనిషి లేడు. రిజిస్టరులో గళ్ళు మాత్రం ఉన్నాయి, ఖాళీగా వదిలితే మెమో వస్తుంది. పైవాళ్ళు ఒక్క బావికైనా ఫోటో సాక్ష్యం కావాలన్నారు. మండలంలో నిజంగా కొలుస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతికితే ఈ గోడ ఒక్కటే దొరికింది. ఆమె అంకెలు తీసుకెళ్ళి 417లో వేశాను. అంతే, లెక్క ఆగడం మానేసింది. తొమ్మిదివేలసార్లు తిరిగినా కుదరలేదు. 417ను దిద్దితే 416 ఎగిరేది, 416ను దిద్దితే 417 ఎగిరేది. మిగతావన్నీ నేను ఒకే కుర్చీలో కూర్చుని ఒకే కలంతో రాసినవి సార్, అందుకని ఒకదాన్నొకటి చూసుకుని బుద్ధిగా తలలూపాయి. ఆమెది ఊపలేదు. దానికి తాడు ఎంత తడిసిందన్నదే తెలుసు. పదో తేదీ పదకొండింటికి రిబ్బను. తొమ్మిదీ నలభైకి ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ గడి ముందు ఒకటి అని ఉండేది, అంటే లెక్కలో ఉంది అని. దాన్ని సున్నా చేశాను. ఆరు సెకన్లలో కుదిరింది. ఎండిన గడి అన్నది నా మాటే, యంత్రం ఏమీ అనలేదు. ఆ సున్నా కింద నాలుగువందల ఎనభై చెట్లున్నాయని అప్పుడు తోచలేదు సార్. మొదట తప్పుడు అంకెలు తీసేద్దామనే అనుకున్నాను, దేవుడి తోడు. అవన్నీ తీసేస్తే మండలంలో ఇంకేమీ మిగలదు. అందుకని ఒప్పు అంకెను తీసేశాను."